మొర పెట్టుకోవడమూ విశ్వాసమే

గుడ్ ఫ్రైడే నాడు తెలుగు చర్చీల్లో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు జరుగుతాయి. నాలుగో మాట దగ్గరికి వచ్చేసరికి ప్రసంగీకుడికి కొంచెం ఇబ్బంది. దేవుడు తనను ఎందుకు విడిచిపెట్టాడని యేసు అడిగిన మాట అది. దేవుని కుమారుడే అలా అడిగితే మనం ఏం చెప్పాలి? ఏదో ఒక సిద్ధాంతం చెప్పి, త్వరగా ఐదో మాటకు వెళ్లిపోవాలనిపిస్తుంది.

యేసు ఆ క్షణాన కొత్తగా పుట్టించిన మాట కాదది. అది 22వ కీర్తన ఎత్తుగడ. తన జనులు తరతరాలుగా చేస్తూ వచ్చిన ప్రార్థనే ప్రాణం పోయే ఘడియలో ఆయన నోటికి వచ్చింది. ఆ ప్రార్థన వెనక ఉన్న హీబ్రూ సంప్రదాయం తెలిస్తే నాలుగో మాట దగ్గర తడబడాల్సిన పని ఉండదు. ఇంకా ముఖ్యమైన సంగతేమిటంటే, మంచం పట్టినవాళ్లతో, బిడ్డను పోగొట్టుకున్నవాళ్లతో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో కూడా తెలుస్తుంది.

కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో దాదాపు మూడోవంతు విలాపాలే. 20వ శతాబ్దం తొలినాళ్లలో జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ వీటి కట్టుబడిని విడమరిచి చూపించాడు. ఆ తర్వాత క్లౌస్ వెస్టర్‌మన్ ఆ పనిని ముందుకు తీసుకెళ్లాడు. ఈయన రెండో ప్రపంచ యుద్ధంలో రష్యా సైన్యానికి ఖైదీగా చిక్కినవాడు. ఖైదీల శిబిరంలో కీర్తనలే తోడుగా గడిపిన మనిషి విలాపం గురించి రాశాడంటే, ఆ రాతకు ఒక బరువు ఉంటుంది.

ఆ కట్టుబడి ఎలాంటిదో చూడాలంటే 13వ కీర్తన చాలు. ఉన్నవి ఆరు వచనాలే. మొదటి రెండు వచనాల్లో ఇంకెంతకాలం అన్న ప్రశ్న హీబ్రూలో నాలుగుసార్లు వస్తుంది. మొదటి రెండుసార్లు కీర్తనకారుడు దేవుణ్ణి నిలదీస్తాడు. మూడోసారి తన గుండెలోని వేదన వైపు, నాలుగోసారి తన మీద పైచేయి సాధించిన శత్రువు వైపు తిరుగుతాడు. బాధపడే మనిషికి ఉండే మూడు గొడవలూ, అంటే దేవుడితో, తనతో, లోకంతో ఉన్న పేచీ, అక్కడే తేలిపోతాయి. తర్వాతి రెండు వచనాల్లో నావైపు చూడమని అడుగుతాడు. ఊరికే అడగడు, చూడకపోతే శత్రువు గెలిచానని చంకలు గుద్దుకుంటాడని దేవుడికే కారణం చూపిస్తాడు. చివరి రెండింటిలో గొంతు మారుతుంది. నీ కృపనే నమ్ముకున్నానంటాడు, పాడతానంటాడు. ఈ మధ్యలో శత్రువు ఓడిపోయాడని గానీ జబ్బు నయమైందని గానీ కీర్తనలో ఎక్కడా లేదు.

ఆ మలుపు ఎలా వచ్చింది? ప్రార్థించేవాడికి గుడిలో యాజకుడు దేవుని పేరిట అభయం ఇచ్చేవాడేమో, ఆ మాట విన్నాకే గొంతు మారి ఉంటుందని కొందరు పండితులు ఊహించారు. అందుకు హన్నా కథను చూపిస్తారు. పిల్లలు లేక, సవతి ఎత్తిపొడుపులు పడలేక, షిలోహు మందిరంలో ఆమె కుమిలి కుమిలి ఏడుస్తుంది. పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడడం లేదు. తాగి వచ్చిందనుకుని యాజకుడు ఏలీ గదమాయిస్తాడు. ఆమె తన గోడు చెప్పుకున్నాక, సమాధానంతో వెళ్లమని దీవిస్తాడు. ఆమె వెళ్లి భోజనం చేస్తుంది, ముఖంలో దుఃఖం పోతుంది. అప్పటికింకా ఆమె గర్భవతి కాదు. స్వస్థత అంటే కోరింది దొరకడమే అని నమ్మేవాళ్లు ఈ వరుస క్రమాన్ని మళ్లీ ఒకసారి చదవాలి. ప్రార్థన ఎలా చేయాలో యూదుల తల్మూదు గ్రంథంలోని పండితులు నేర్చుకున్నది ఈ ఏడుస్తున్న స్త్రీ దగ్గరే: పెదవులు కదలాలి, గొంతు పెంచకూడదు, మనసు అక్కడే ఉండాలి.

ఒక ఊరు ఊరంతా ఏడవాల్సి వస్తే? క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోనువాళ్లు యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టారు. ఆ దుఃఖంలోంచి పుట్టిన విలాపవాక్యముల గ్రంథంలో ఆకలితో అలమటించిన పిల్లలున్నారు, వీధుల్లో పడిన శవాలున్నాయి. అయినా దాన్ని ఎంతో నియమంగా కట్టారు. హీబ్రూ అక్షరాలు 22. ఒకటి, రెండు, నాలుగు అధ్యాయాల్లో 22 వచనాలు అక్షర క్రమంలో మొదలవుతాయి. మూడో అధ్యాయంలో ఒక్కో అక్షరానికి మూడేసి చొప్పున 66. అ నుంచి చివరి అక్షరం దాకా ఏదీ వదలకుండా ఏడవడం అది. దుఃఖానికి అలా ఒక గట్టు కట్టారు. ఐదో అధ్యాయంలోనూ వచనాలు 22 ఉన్నాయి గానీ అక్షర క్రమం లేదు. ఏడ్చి ఏడ్చి అలసిపోయిన గొంతులా వినిపిస్తుంది నాకు.

ఏటా తమ క్యాలెండర్‌లోని ఆబ్ నెల తొమ్మిదో రోజున యూదులు సమాజమందిరాల్లో మసక వెలుతురులో, నేల మీదో పొట్టి పీటల మీదో కూర్చుని ఈ గ్రంథం చదువుకుంటారు. చివరి వచనం మరీ చేదుగా ఉంటుంది. అందుకని దాని ముందు వచనాన్ని మళ్లీ ఒకసారి చదివి ముగిస్తారు. చేదు వచనాన్ని మాత్రం కొట్టివేయలేదు.

ఇంట్లో చావు జరిగినప్పుడు యూదులు పాటించే ‘శివా’ అనే ఏడు రోజుల సంతాపంలోనూ ఇదే పద్ధతి. దుఃఖంలో ఉన్నవాళ్లు ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటారు. సమాధి దగ్గరి నుంచి వచ్చాక తినే మొదటి భోజనం ఇరుగుపొరుగు తెచ్చిపెడతారు. పలకరించడానికి వచ్చినవాళ్లు, ఇంటివాళ్లు నోరు విప్పేదాకా మాట్లాడకుండా ఉండాలి. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద మౌనంగా కూర్చోవడమే దీనికి మాదిరి. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాకే అంతా చెడింది.

లాజరు చనిపోయినప్పుడు బేతనియలో కనిపించేదీ ఇలాంటి ఇల్లే. నాలుగు రోజులైంది, ఓదార్చడానికి వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. యేసు రాగానే ముందు మార్త, తర్వాత మరియ ఒకే ఫిర్యాదు చేస్తారు, నువ్విక్కడ ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదని. ఆయన వాళ్లను గద్దించలేదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా, ముందు ఏడ్చాడు.

మన ఆదరణ కూడికల్లో ఈ ఏడుపుకు చోటు బాగా తగ్గిపోయింది. కొడుకును మట్టిలో పెట్టి వచ్చిన తల్లితో, ఏడవకమ్మా, సాక్ష్యం పోతుంది అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆమె ఆ రాత్రి దిండులో ముఖం దాచుకుని, తన విశ్వాసంలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. కాన్సర్ వార్డులో ఉన్నవాళ్లకు వాగ్దాన వచనాలే వినిపిస్తారు, 13వ కీర్తన ఎవరూ చదివి పెట్టరు. అడగనివ్వకుండా ఒప్పించిన విశ్వాసం మొదటి గాలివానకే కూలడం చాలా ఇళ్లల్లో చూస్తున్నాం.

మలుపే రాని కీర్తన కూడా ఒకటుంది, 88వది. పగలూ రాత్రీ మొరపెట్టినా జవాబు లేదు, స్నేహితులు దూరమయ్యారు, చివరి మాట చీకటి. చివర్లో ఒక ఆశ వాక్యం చేర్చాలని సంకలనకర్తలకు అనిపించలేదు. మలుపు ఇంకా రానివాళ్లు కూడా దేవుడితో మాట్లాడుతూనే ఉండొచ్చని దాన్ని అలాగే ఉంచారనిపిస్తుంది. కతోలిక సంఘం నిర్ణయించిన రాత్రి ప్రార్థనలో శుక్రవారానికి ఈ కీర్తనే కేటాయించి ఉంది. గురువులు, మఠకన్యలు ప్రతి వారం నిద్రకు ముందు దాన్ని చదువుతారు, ఆ రోజు తమకు ఏ కష్టం లేకపోయినా సరే, ఉన్నవాళ్ల తరఫున.