మడ పాయకో కర్ర, పగడపు దిబ్బకో కర్ర

గాలపు కర్ర కొనేటప్పుడు చాలామంది అడిగేది ఒకటే: ఎంత బరువైన చేపను ఆపుతుంది? అండమాన్ నీళ్ళలో అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. చేప ఎక్కడ పొంచి ఉంటుంది? దాని ముందుకు ఏ ఎర విసురుతాం? వీటికి జవాబు దొరికితే కర్ర సగం ఎంచుకున్నట్టే.

శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు ఆ దీవుల్లో తరాలుగా బతుకుతున్నాయి. 2011 జనాభా లెక్కల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత అక్కడ ఎక్కువ మందికి మాతృభాష తెలుగే. మనవాళ్ళు ఇష్టంగా తినే పండుగప్ప అక్కడి మడ పాయల్లోనూ ఉంటుంది. పోటు తీసేటప్పుడు చిన్న చేపలు, రొయ్యలు పాయలోంచి బయటికి కొట్టుకొస్తాయి. వాటి కోసం పండుగప్ప మడవేళ్ళ నీడలో కాచుకుంటుంది. గాలం తగలగానే మళ్ళీ ఆ వేళ్ళలోకే దూరుతుంది. అక్కడ పొడవాటి కర్ర కొమ్మలకు తగులుతుంది, మెత్తని కర్ర చేపను మలపలేదు. ఆరున్నర, ఏడు అడుగుల పొడవుండి, నడుము గట్టిగా, చివర చురుగ్గా ఉన్న కర్ర కావాలి. పండుగప్ప దవడ అంచులు, మొప్పల మూతలు దారాన్ని కోసేస్తాయి కనుక చివర మందపాటి నైలాన్ ముక్క కట్టడం తప్పనిసరి.

ఎర మారితే కర్ర వంపూ మారాలి. వేళ్ళలో చిక్కకుండా కొక్కెం దాచిన రబ్బరు ఎరకు చివర మాత్రమే వంగే కర్ర మేలు. ఆ ఒక్క లావు కొక్కెం దవడలో దిగాలంటే గట్టిగా గుంజాలి. సన్నని మూడు ముళ్ళ కొక్కేలున్న మీను బొమ్మకు నడుము దాకా వంగే కర్ర నయం. చేప ఎగిరి తల విదిల్చినప్పుడు ఆ వంపే కుదుపును మింగి, కొక్కెం ఊడకుండా కాపాడుతుంది.

పగడపు దిబ్బల అంచుల్లో వేట వేరు. అక్కడ రాజు పెద్ద పార చేప, జెయింట్ ట్రెవల్లీ. 2006లో జపాన్‌లో చిక్కినది 72.8 కిలోలు తూగింది. నీటిని చప్పుడుతో చిమ్మే పాపర్ ఎర నూరు గ్రాములు దాటుతుంది. దాన్ని దూరం విసరడానికి ఎనిమిది అడుగుల దృఢమైన కర్ర కావాలి. అదే దిబ్బ పక్క లోతుల్లోకి లోహపు జిగ్ ఎర దించితే అయిదారు అడుగుల పొట్టి కర్ర చాలు. నిలువునా పదేపదే ఎగదోసే పనికి పొడవాటి కర్ర భుజాలను పడగొడుతుంది.

చేపలకు ఆశ్రయమిచ్చే ఈ చోట్లు శాశ్వతం కావు. 2004 భూకంపంతో ఉత్తర అండమాన్ నేల పైకి లేచి కొన్ని మడలు ఎండిపోయాయి. దక్షిణాన నేల కుంగి కొన్నిచోట్ల ఉప్పునీరు నిలిచింది. అందుకే పాత గుర్తులను నమ్ముకోకుండా ఏ ఏటికాయేడు పాయను చదవాలి. మొసళ్ళున్న పాయల్లో నీళ్ళలోకి దిగకూడదు. జారవా ఆదివాసుల రక్షిత జలాల్లోకీ, 1983లో ఏర్పడిన వండూర్ సముద్ర జాతీయ పార్కులోకీ గాలంతో వెళ్ళకూడదు.

పండుగప్ప సాధారణంగా ముందు మగదిగా పెరిగి, పెద్దయ్యాక ఆడదవుతుంది. గాలానికి చిక్కిన అతి పెద్ద చేప దాదాపు ఎప్పుడూ గుడ్లు పెట్టే తల్లే. సరైన కర్రతో త్వరగా దరికి చేర్చి, తడి చేతులతో కొక్కెం తీసి, దాన్ని వదిలిపెట్టండి. కూరకు నడితరం చేప చాలు.