పచ్చికకు రెండు, పశువుకు రెండు, మరి నేలకు?

పశువుల మేపును ఒక శాస్త్రంగా నిలబెట్టిన గ్రంథాలలో ఆంద్రే వాజాన్ రచించిన ‘పచ్చిక ఉత్పాదకత’ ప్రసిద్ధమైనది. ఫ్రెంచి భాషలో 1957లోను, ఇంగ్లీషు అనువాదంగా 1959లోను వెలువడింది. గ్రంథకర్త నార్మండీలో స్వయంగా ఆవులను మేపిన రైతు. జీవరసాయన శాస్త్రం నేర్చినవాడు. ఈ రెండు అనుభవాలూ గ్రంథానికి బలం చేకూర్చాయి.

గ్రంథసారమంతా నాలుగు సూత్రాలలో ఉన్నది. మేసిన పచ్చిక తిరిగి ఏపుగా ఎదగడానికి తగినంత విశ్రాంతి ఇవ్వవలె. ఒకసారి కొరికిన మొక్కను, మంద ఆ మడిని విడిచేలోగా, రెండవసారి కొరకరాదు. ఇవి పచ్చికకు సంబంధించినవి. ఎక్కువ పోషణ కావలసిన పశువులకు మేలైన మేత అందవలె. పాల దిగుబడి నిలకడగా ఉండాలంటే ఆవులు ఒక మడిలో 3 రోజులకు మించి ఉండరాదు. ఇవి పశువుకు సంబంధించినవి. నేలకు మాత్రం ఇందులో ప్రత్యేకంగా ఒక్క సూత్రమూ లేదు. వాజాన్ నేలను ఎరుగనివాడు కాడు. ఇతర గ్రంథాలలో దానిని విపులంగా చర్చించాడు. అయినా లోకంలో ప్రచారం పొందినవి ఈ నాలుగే.

రసాయనిక ఎరువులు వాడని సేంద్రియ పచ్చిక బయళ్లలో ఇది చిన్న లోపం కాదు. పశువులు మేస్తే చాలు, నేల సారవంతమవుతుందని పలువురి నమ్మకం. పశువు పోషకాలను సృష్టించదు. ఒకచోటి నుండి మరొకచోటికి చేరవేస్తుంది. పాడి ఆవు తిన్న నత్రజనిలో సుమారు నాలుగింట మూడు వంతులు పేడ, మూత్రాలుగా తిరిగి వస్తుంది. భాస్వరం ఎక్కువగా పేడలోను, పొటాషియం ఎక్కువగా మూత్రంలోను ఉంటాయి. కాని ఇవి బయలంతటా సమంగా పడవు. నీటి తొట్టి వద్ద, చెట్టు నీడన, దడి వాకిట పోగుపడతాయి. మూత్రం పడిన మచ్చలో నత్రజని హెక్టారుకు 500 కిలోలు వేసినంత దట్టంగా ఉండవచ్చు. మొక్కలు పీల్చుకోలేని మిగులులో కొంత అమోనియాగా గాలిలో కలుస్తుంది. కొంత నైట్రేటుగా వాననీటితో లోపలికి దిగిపోతుంది.

చేనిలో గొర్రెల మందను రాత్రిళ్లు నిలిపించుకొని కాపరికి ప్రతిఫలమిచ్చే తెలుగు రైతుకు ఈ మర్మం తెలుసు. బీడులో మేసిన సారం అతని చేనికి చేరుతుంది. ఆ మేరకు బీడు నష్టపోతుంది.

నత్రజని లోటును క్లోవర్ వంటి చిక్కుడు జాతి మొక్కలు గాలి నుండి తీర్చగలవు. భాస్వరానికి, పొటాషియానికి అటువంటి దారి లేదు. 1,000 లీటర్ల పాలు అమ్మితే సుమారు 1 కిలో భాస్వరం పొలం దాటుతుంది. ఎండుగడ్డి కోసి తరలిస్తే నష్టం మరింత హెచ్చు: టన్నుకు దాదాపు 20 కిలోల పొటాషియం పోవచ్చు.

కాబట్టి వాజాన్ సూత్రాలకు అయిదవదానిని చేర్చుకొని చదవడం మంచిది: పోయినదెంత, వచ్చినదెంత, చేరినదెక్కడ అని నేల లెక్క చూడవలె. నీటి తొట్టిని అప్పుడప్పుడు జరపడం, గడ్డి కోసిన మడికే పశువుల ఎరువు తిరిగి చేర్చడం ఆ లెక్క సరిచేసే మార్గాలు. ఈ సవరణతో గ్రంథం నేటికీ చదువదగినదే.