గొలుసుల చప్పుడు వెంట ఊరూరా

ప్రతి వేసవీ మారేడుపల్లి నుంచీ సైనిక్‌పురి నుంచీ పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు అక్కడ సాయంత్రం పూట పార్కులో నడకే పెద్ద కాలక్షేపం. ఆస్టిన్‌లోనో షార్లెట్‌లోనో అలా నడుస్తుంటే చెట్ల మధ్య ఛాతీ ఎత్తున ఒక ఇనుప స్తంభం కనిపిస్తుంది. పైనుంచి గొలుసులు వేలాడుతుంటాయి, వాటి కింద ఇనుప బుట్ట. అంతలో ఎనభై గజాల అవతలి నుంచి ప్లాస్టిక్ పళ్లెం లాంటిదొకటి వంపు తిరుగుతూ వచ్చి, గొలుసులకు తగిలి బుట్టలో పడుతుంది. విసిరినవాళ్లు దాన్ని తీసుకుని తర్వాతి బుట్ట వైపు నడిచిపోతారు. టికెట్టు లేదు, సభ్యత్వం లేదు. ఆ ఆట పేరు డిస్క్ గోల్ఫ్.

లెక్క గోల్ఫ్ లెక్కే. ఒక్కో ఆటస్థలంలో, అంటే కోర్సులో, మామూలుగా తొమ్మిదో పద్దెనిమిదో బుట్టలుంటాయి. డిస్క్ ఎక్కడ పడితే అక్కడి నుంచే మళ్లీ విసరాలి. అన్ని బుట్టలూ ఎవరు తక్కువ విసుర్లలో పూర్తిచేస్తే వాళ్లదే గెలుపు. డిస్కులు చూడ్డానికి పిల్లలాడే ఫ్రిస్బీలా ఉన్నా వ్యాసం చిన్నది. బరువు చాలావరకు 150 నుంచి 180 గ్రాముల మధ్య ఉంటుంది. దూరానికి ఒకటి, నడిమి దూరానికి ఒకటి, బుట్ట దగ్గరికొచ్చాక ఒకటి: మూడుంటే ఆట మొదలుపెట్టొచ్చు.

దీనికి ఇప్పటి రూపమిచ్చినవాడు ఎడ్ హెడ్రిక్. వామ్-ఓ కంపెనీలో పనిచేస్తూ, ఫ్రిస్బీ గాల్లో నిలకడగా ఎగిరేలా దాని పైభాగాన్ని మార్చి 1967లో పేటెంటు తెచ్చుకున్నాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత కోర్సు వేశాడు. అప్పట్లో గురిపెట్టేది ఉత్త స్తంభాలకే. డిస్క్ తగిలిందా, పక్కనుంచి పోయిందా అని ఆటగాళ్ల మధ్య వాదన తెగేది కాదు. ఆ వాదనకు జవాబుగా పుట్టినవే ఈ గొలుసులూ బుట్టా. 1976లో ఆటగాళ్ల సంఘం పెట్టి, ఒకటో నంబరు సభ్యుడయ్యాడు. 2002లో చనిపోయాక, ఆయన కోరుకున్నట్టే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. ఒక ఆటకు మనిషి తనను తాను ఇచ్చుకోవడమంటే ఇదే.

ఈ ఆటగాళ్లలో ఒక వర్గం ఉంది. వాళ్లకు స్కోరు కన్నా ఎన్ని కోర్సులు ఆడామన్నదే ముఖ్యం. ఆఫీసు పని మీద కొత్త ఊరు వెళ్తే ముందు దగ్గర్లో కోర్సు ఎక్కడుందో వెతుకుతారు, తర్వాతే హోటల్. పెళ్లికి వెళ్తూ దారిలో రెండు ఆడేస్తారు. యూడిస్క్ అనే యాప్‌లో లెక్క రాసుకుంటారు. ఆ యాప్ లెక్కన 2023 చివరికే ప్రపంచంలో కోర్సులు 15 వేలు దాటాయి. వెయ్యికి పైగా ఆడినవాళ్లు ఉన్నారు గానీ మొత్తం ఆడటం ఒక్క జన్మకు సాధ్యమయ్యేది కాదు. అయినా ఎవరూ ఆగరు.

తెలుగువాళ్లకు ఈ తపన అర్థం కానిదేమీ కాదు. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట: కార్తీకంలో ఐదు ఆరామాలూ ఒక్కరోజులో చూపించే ఆర్టీసీ బస్సులకు ఉన్న గిరాకీ చూస్తే చాలు. ఆ జాబితా లేకపోతే సామర్లకోట మీదుగా రైల్లో పోయేవాళ్లలో ఎంతమంది అక్కడ దిగేవారు? జాబితా చేసే మేలు ఇదే. మనంతట మనం వెళ్లని ఊరికి అది మనల్ని పంపిస్తుంది.

అయితే కొత్త కోర్సు వల్ల ఒరిగేదేమిటి? ఎక్కడైనా అవే గొలుసులు కదా అనిపించవచ్చు. బుట్ట ఒకటే, నేల వేరు. కుడిచేత్తో మామూలుగా విసిరిన డిస్క్ వేగం తగ్గేకొద్దీ ఎడమకు వాలుతుంది. అది దాని స్వభావం. దారులన్నీ ఎడమకు తిరిగే కోర్సులో ఏళ్ల తరబడి ఆడినవాడు తన చేయి గొప్పదనుకుంటాడు. కుడికి తిరిగే అడవి దారిలో నిలబెడితే తెలుస్తుంది, అతను నేర్చుకున్నది ఒక పార్కునే తప్ప ఆటను కాదని. అప్పుడు ఫోర్‌హ్యాండ్‌తో విసరడం నేర్చుకోవాలి, డిస్కు అంచును రెండోవైపు వంచి వదలడం నేర్చుకోవాలి. కొలరాడో కొండల మీద గాలి పలచన. కింద చక్కగా ఎగిరిన డిస్కే అక్కడ తొందరగా ఎడమకు జారిపోతుంది. సముద్రపు గాలి వీచేచోట అదే డిస్క్ ఎటు పోతుందో చెప్పలేం.

కాలిఫోర్నియా శాంటాక్రూజ్‌లోని డెలవీగా కోర్సులో ఇరవై ఏడో బుట్టకు కొండ మీది నుంచి లోయలోకి విసరాలి. ఆ చోటిని ఆటగాళ్లు ప్రపంచపు శిఖరం అంటారు. మసాచుసెట్స్‌లోని మేపుల్ హిల్ కోర్సు క్రిస్మస్ చెట్లు పెంచే తోటలో ఉంది. చెరువుల మీదుగా విసరాలి, చేయి తడబడితే డిస్క్ నీళ్లపాలు. షార్లెట్ పక్కనున్న రాక్ హిల్‌లో విన్‌త్రోప్ యూనివర్సిటీ కోర్సు ఉంది, 1999 నుంచి అమెరికా ఛాంపియన్‌షిప్పు అక్కడే. దాని పదిహేడో బుట్ట చుట్టూ గడ్డిమోపులు పేర్చి దీవిలా చేస్తారు. ఆ మోపుల లోపలే డిస్క్ ఆగాలి. ఇక నోకియా అంటే మనకు ఫోను. ఈ ఆటగాళ్లకు ఫిన్లాండ్‌లో అదే పేరున్న ఊళ్లోని ‘ద బీస్ట్’ కోర్సు, యూరోపియన్ ఓపెన్ పోటీలు జరిగిన చోటు. ఇన్ని నేలల మీద నడిచినవాడి కళ్లు మారతాయి. చెట్టును చూస్తే కొమ్మల కింద సందు ఎంతుందో, వాలు చూస్తే పడిన డిస్క్ ఎటు దొర్లుతుందో ముందే తెలిసిపోతుంది.

ఏది లెక్కలోకి వస్తుందన్న విషయంలో ఈ సేకర్తల మధ్య వాదనలూ ఉన్నాయి. తొమ్మిది బుట్టలది కోర్సా, అరకోర్సా? తర్వాత తీసేసిన కోర్సు జాబితాలో ఉండొచ్చా? ఎవరి నియమం వాళ్లది. కానీ రోజుకు నాలుగైదు కోర్సులు పరుగున ముగించి అంకె పెంచుకోవడంలో సగం ఆనందం పోతుంది. కోర్సు వేసినవాడు ఫలానా చెట్టు పక్కనే బుట్ట ఎందుకు పెట్టాడో ఆలోచించే తీరిక లేకపోతే, ఆ కోర్సును చూసినట్టే గానీ ఆడినట్టు కాదు.

ఈ అభిరుచి సామాన్యుడికి అందడానికి కారణం ఒక్కటే: చాలా కోర్సులు అందరి పార్కుల్లో, ఉచితంగా ఉండటం. దానికీ ఒక బాధ్యత ఉంది. ఆస్టిన్‌లోని పీజ్ పార్కు కోర్సుకు ఎంత పేరున్నా, జనం తొక్కిడికి నేల గట్టిపడి, మట్టి కొట్టుకుపోతోందని 2011లో తీసేశారు. బదులుగా మరో పార్కులో కొత్తది వేశారు. నేల బతికుంటేనే ఆట.

ఇప్పుడు సికింద్రాబాద్ సంగతి. గోల్ఫ్ ఇక్కడ కొత్త కాదు. కానీ కంటోన్మెంట్‌లోని గోల్ఫ్ మైదానం సైన్యం ఆధీనంలో ఉంది. నగరానికి అటు చివర గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్నదీ ఎక్కువగా సభ్యుల కోసమే. బొల్లారంలోనో తిరుమలగిరిలోనో పెరిగిన పిల్లవాడు గోడ అవతలి పచ్చికను చూస్తూనే పెద్దవాడవుతాడు. డిస్క్ గోల్ఫ్‌కు పచ్చికను నున్నగా కత్తిరించక్కర్లేదు. చెట్లూ బండలూ ఎగుడుదిగుళ్లూ ఎంత ఉంటే ఆట అంత రక్తి కడుతుంది. మన దక్కన్ గ్రానైటు బండలకన్నా అందమైన అడ్డంకులు ఎక్కడ దొరుకుతాయి? బండను పేల్చి చదును చేయకుండా దాన్నే ఆటలో భాగం చేసుకోవచ్చు.

స్థలం కూడా మరీ ఎక్కువ అక్కర్లేదు, బుట్టకు ఓ ఎకరం చొప్పున చూసుకుంటే చాలు. హుస్సేన్‌సాగర్ ఉత్తరపు గట్టున సంజీవయ్య పార్కుకు 90 ఎకరాల పైచిలుకు ఉంది. మేడ్చల్ దారిలో కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో చెట్లకు కొదవ లేదు. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. వేగంగా వచ్చే డిస్క్ తగిలితే గాయమవుతుంది. అందుకే ఆట దారులు వాకింగ్ ట్రాక్‌కూ పిల్లల ఉయ్యాలలకూ దూరంగా ఉండాలి, లేత మొక్కలున్న వైపు పోనే పోకూడదు. ఇది సరిగా చేయలేకపోతే అసలు వేయకపోవడమే మేలు.

హెచ్‌ఎండీఏ, అటవీశాఖ అధికారులకు ఒక మనవి: ఈ రెండు పార్కుల్లో ఏదో ఒకదానిలో, జనం తక్కువ తిరిగే మూల చూసి తొమ్మిది బుట్టలు పెట్టించండి. డిస్కులు అద్దెకిచ్చే కౌంటరు ఒకటి చాలు. ఏడాది నడిపి చూసి, నేలకు హాని జరుగుతోందనిపిస్తే తీసేయండి.