హిజ్కియా విప్పి పరచిన ఉత్తరము: 2 రాజులు 18–19 అధ్యాయాలపై ఒక పరిశీలన

శత్రువు పంపిన ఉత్తరమును యెహోవా మందిరములో విప్పి పరచిన హిజ్కియాను గూర్చి మన సంఘాలలో తరచుగా ప్రసంగాలు వింటుంటాము. వాటిలో చాలామట్టుకు 19:14తో ఆరంభమై, 19:35లో అష్షూరు దండు హతమగుటతో ముగుస్తాయి. ఇది తప్పుడు వ్యాఖ్యానము కాదు గాని, తొందరపాటు వ్యాఖ్యానమని మా అభిప్రాయము.

మొదట 18:14-16 చూద్దాము. క్రీ.పూ. 701లో సన్హెరీబు యూదా ప్రాకారపురములను పట్టుకొనగా, హిజ్కియా లాకీషునకు వర్తమానము పంపి, తనదే తప్పని ఒప్పుకొని 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారము కప్పము కట్టాడు. అందుకొరకు మందిరపు తలుపులకు తాను వేయించిన బంగారమునే ఊడదీయించాడు. యెషయా 36వ అధ్యాయము, 2 దినవృత్తాంతములు 32వ అధ్యాయము ఈ సంగతిని విడిచిపెట్టాయి. సన్హెరీబు శాసనము మాత్రము కప్పమును పేర్కొంటుంది. బంగారము లెక్క సరిపోతుంది, వెండి అక్కడ 800 తలాంతులు. యెరూషలేమును పట్టుకొన్నట్లు ఆ శాసనము ఎక్కడా చెప్పదు.

1886లో స్టాడె మొదలుకొని విమర్శకులు ఈ భాగములో వేర్వేరు మూలాధారములను గుర్తించారు. జాన్ బ్రైట్ రెండు దండయాత్రలు జరిగియుండవచ్చునని వాదించాడు. మూలాధారముల విభజనను మేము కాదనము. అయితే సంకలనకర్త ఈ రెంటిని ప్రక్కప్రక్కనే ఎందుకు ఉంచాడు? కప్పము కట్టినా సైన్యము వచ్చింది. ఈ ప్రార్థన, డబ్బుతో గండము గట్టెక్కవచ్చునని ముందు ప్రయత్నించి చూచిన వాని ప్రార్థన.

ఇక 'నమ్ముట' అను అర్థమిచ్చు 'బాతఖ్' అను హెబ్రీ క్రియను గమనించాలి. 18:5లో గ్రంథకర్త హిజ్కియాను గూర్చి ఒక్కసారి ఈ మాట వాడతాడు. ఆ తరువాత అది పదే పదే వినబడేది రబ్షాకే నోటనే! దేనిని నమ్ముకొన్నావు, ఐగుప్తునా, యెహోవానా అని యూదుల భాషలో, గోడమీది జనులందరికి వినబడునట్లు ఎగతాళి చేస్తాడు. హిజ్కియా ప్రార్థనలో (19:15-19) ఆ మాట ఒక్కసారి కూడ లేదు. తన విశ్వాసమును దేవుని యెదుట అతడు ఏకరువు పెట్టడు. చెవియొగ్గుము, కన్నులు తెరువుము, రక్షింపుము అని అడుగుతాడు. అంతేకాదు, అష్షూరు రాజులు జనములను నాశనము చేసిన మాట నిజమేనని 17వ వచనములో ఒప్పుకొంటాడు. శత్రువు బలమును తక్కువచేసి మాటలాడుటయే విశ్వాసమని బోధించేవారు ఈ వచనము దగ్గర కొంతసేపు ఆగవలసియున్నది.

మరియొక చిక్కు ప్రశ్న ఉన్నది. సన్హెరీబు తాను పట్టుకొన్నట్లు చెప్పుకొన్న పట్టణములు 46. లాకీషు వారిని కొరతవేయుట, చెరగొనిపోవుట నీనెవె రాజనగరు గోడలపై చెక్కబడినవి. ఆ శిల్పములు నేడు బ్రిటిష్ మ్యూజియములో ఉన్నాయి. లాకీషులో ప్రార్థించినవారు లేరా? గ్రంథకర్త ఈ ప్రశ్నకు జవాబు చెప్పడు. అయితే 19:4లో హిజ్కియా యెషయాను కోరినది 'శేషము' కొరకు ప్రార్థించుమనియే. ఆ మాట పలుకునప్పటికి లాకీషు మార్గమున సైన్యము యెరూషలేమునకు వచ్చియున్నది; పోయినవారు పోగా మిగిలినవారెవరో రాజునకు తెలుసు.