ఉన్నదాంతో తృప్తి: ఎవరు, ఎవరికి చెప్పాలి?

దళిత క్రైస్తవుల ఆరాధనల్లో డబ్బు గురించి రెండు రకాల ప్రసంగాలు వినబడతాయి. ఒకటి పాతది. ఉన్నదాంతో తృప్తి పడండి, రేపటి సంగతి దేవుడు చూసుకుంటాడు అంటుంది. రెండోది 1990ల తర్వాత టీవీల ద్వారా, పెద్ద సభల ద్వారా బలపడింది. నమ్మి కానుక వెయ్యండి, నూరంతలు తిరిగొస్తుంది అంటుంది. పైకి ఇవి ఒకదానికొకటి విరుద్ధం. కాని రెండింటిలోనూ కూలి రేటు లేదు, భూమి లేదు, కులం లేదు. పేదవాడు పేదవాడిగా ఎందుకున్నాడని అడిగితే దేవుని చిత్తం అంటుంది మొదటిది. నీ విశ్వాసం చాల్లేదు అంటుంది రెండోది. దొర పేరు రెండూ ఎత్తవు. ఈ ప్రసంగాలను సిద్దిపేట, మెదక్ ప్రాంతపు మాల, మాదిగ క్రైస్తవుల అనుభవం ముందు నిలబెట్టి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు గ్రంథం సంగతి చూద్దాం. సంతుష్టి గురించి చెప్పేవాళ్ళు ఎక్కువగా ఆశ్రయించేవి పౌలు పేరుతో ఉన్న రెండు పత్రికలు. ఫిలిప్పీయులకు రాసినప్పుడు పౌలు బంధకాల్లో ఉన్నాడు. ఆకలిలోనూ, సమృద్ధిలోనూ ఉండటం నేర్చుకున్నానని తన గురించి తాను చెప్పుకున్నాడు. అది ఇంకొకడి ఆకలి మీద ఇచ్చిన తీర్పు కాదు. తిమోతికి రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయంలో దెబ్బ తగిలేది భక్తిని సంపాదన మార్గంగా చూసేవాళ్ళకు, ధనవంతులు కావాలని ఆరాటపడేవాళ్ళకు. ఉన్నవాళ్ళు తమకున్నది పంచాలని కూడా ఆ అధ్యాయమే ఆదేశిస్తుంది. అయితే అదే అధ్యాయం యజమానుల్ని గౌరవించమని బానిసలకు చెప్పి మొదలవుతుంది. దీన్ని దాచిపెట్టి లాభం లేదు. వెట్టి చేసిన జాతి ఆ మాటను ప్రశ్నించకుండా చదవలేదు, చదవకూడదు కూడా. పంట కోసినవాళ్ళ కూలి బిగబట్టిన భూస్వాముల మీద యాకోబు పత్రిక నిప్పులు చెరుగుతుంది. అది కూడా ఆ బైబిల్లోనే ఉంది. కోతల పండుగనాడు మన గుళ్ళలో వినాల్సిన మాట అది. ఎన్ని గుళ్ళలో వింటున్నాం?

మత్తయి సువార్తలో ఇద్దరు యజమానుల మాట వస్తుంది. తెలుగు అనువాదం ధనానికి అక్కడ ‘సిరి’ అన్న మాట వాడింది. సిరి గడప తొక్కని వాడల్లో ఆ మాటను డబ్బుమీద ఆశకే కుదించి చెప్తున్నారు. కాని అక్కడ అసలు విషయం దాస్యం. నిజాం రాజ్యంలో భగేలాగా బతికినవాడికి యజమాని అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. పెళ్ళికో చావుకో తెచ్చిన అప్పుకు మనిషి దొర దగ్గర జీతం ఉండేవాడు. అప్పు తీరక ముందే ముసలివాడైతే కొడుకు ఆ జీతంలోకి పోయేవాడు. వానకాలంలో తెచ్చిన గింజలకు కోతలప్పుడు నాగు కట్టాలి. 1936లో భగేలా ఒప్పందాలపై నిజాం ప్రభుత్వం చట్టం తెచ్చింది. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో గాని రాలేదు. ఈ మధ్య కాలమంతా పల్లెల్లో ‘సిరి’ అంటే దొర గరిసెలో ఉన్న గింజలే.

అలాంటి చోట దేవుణ్ణి నమ్మడమంటే ఏమిటి? మన్నా కథ దీనికి జవాబిస్తుంది. ఏ పూటది ఆ పూట ఏరుకోవాలి, దాచుకుంటే పురుగు పట్టింది. ఆ కథలో మన్నా తిన్నవాళ్ళు ఫరో కోసం ధాన్యపు కోఠాలున్న పట్టణాలు కట్టి బయటపడ్డ వెట్టివాళ్ళు. ఫరో గరిసె మీద ఆధారపడకుండా బతకొచ్చని వాళ్ళు నేర్చుకున్నారు. అంటే నమ్మకం ఇక్కడ యజమానికి ‘కాదు’ అని చెప్పగలిగే బలం. ఒంగోలు ప్రాంతపు మాదిగల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఈ మూడూ పాటిస్తే ఊరితో తగువే, కళ్ళం దగ్గర వచ్చే గింజలకు ఎసరే. అయినా పాటించారు. వాళ్ళ సంతుష్టిలో తిరుగుబాటు ఉంది. ఆ సంతుష్టినే తర్వాతి ప్రసంగం విధేయతగా మార్చేసింది.

ఈ మార్పు మెదక్ గుడి కథలోనూ కనబడుతుంది. సిద్దిపేట 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లాలో భాగమే. ఇక్కడి వెస్లియన్ మిషన్ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసి మెదక్ అధ్యక్ష మండలం కిందికొచ్చాయి. 1914లో మొదలైన మెదక్ గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. కరువులో చార్లెస్ వాకర్ పోస్నెట్ దానం పంచకుండా పని కల్పించాడు, పనికి తిండి పెట్టాడు. అంతకుముందు 1876-78 కరువులో క్లౌ కూడా బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని చూపించాడు. వెట్టి తప్ప పని ఎరగని చోట పనికి ప్రతిఫలం దొరకడం చిన్న విషయం కాదు. దీన్ని ‘బియ్యం క్రైస్తవం’ అని ఎగతాళి చేసేవాళ్ళు ఆ బియ్యం చెమటకు వచ్చిన కూలి అన్న సంగతి మర్చిపోతారు. అయితే సంఘం కూడా దీన్ని దయగా చెప్పుకుంది గాని కూలిగా చెప్పుకోలేదు. పోస్నెట్ పేరు నిలిచింది, రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు నిలవలేదు. ‘పోస్నెట్ దొర’ అన్న పిలుపులోనే ఆ తేడా ఉంది. కూలి హక్కుగా గుర్తుంటే తర్వాతి తరం కూలి అడుగుతుంది. దయగా గుర్తుంటే స్తోత్రం చెప్పి ఊరుకుంటుంది.

క్రైస్తవంలోకి వచ్చిన అంటరానివాడి స్థితి గురించి రాస్తూ అంబేడ్కర్ ఇక్కడే వేలు పెట్టాడు. నీ పతనానికి నీ పాపమే కారణమని చర్చి బోధిస్తుంది, అతన్ని పడదోసిన సామాజిక, మత వ్యవస్థ గురించి బోధించదు, అందుకే దాన్ని మార్చాలన్న పట్టుదల అతనిలో పుట్టడం లేదన్నాడు. తృప్తి ప్రసంగానికీ, దీవెనల ప్రసంగానికీ ఈ విమర్శ సమానంగా వర్తిస్తుంది.

అన్నిటికంటే క్రూరమైన పరీక్ష కులం సర్టిఫికెట్ దగ్గర ఎదురవుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని సడలించారు. క్రైస్తవులకు సడలించలేదు. క్రైస్తవులైన ఎస్సీలు 1970 నుంచి బీసీ-సి కిందికొస్తారు, వాళ్ళకు 1 శాతం. మినహాయింపు ఎత్తెయ్యాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫార్సు చేసింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. పేరా మాత్రం అట్లనే ఉంది. పిల్లకు హాస్టల్ సీటు కోసం, కొడుక్కు ఉద్యోగం కోసం బాప్తిస్మం పేరు దాచుకునే తల్లిని పట్టుకుని ‘నువ్వు సిరికి దాసురాలివి’ అనడం ఎంత సులువు! అక్కడ విశ్వాసానికి ధర కట్టింది ఆ తల్లి కాదు, రాజ్యం. ఊరు ఆమెను గుడికి పోయినా మాదిగామె అనే పిలుస్తుంది. రాజ్యం మాత్రం గుడికి పోయింది కాబట్టి కాదంటుంది. ఆమె భయాన్ని అల్పవిశ్వాసం అనే ముందు, ఆ పేరాకు వ్యతిరేకంగా తానేం చేసిందో సంఘం చెప్పుకోవాలి.

సంఘం తన డబ్బు సంగతీ చూసుకోవాలి. పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసిపెట్టే ఆడవాళ్ళ మీద మన పల్లె సంఘాలు నిలబడ్డాయి. వాళ్ళ త్యాగాన్ని పొగడటానికి మార్కు సువార్తలోని విధవరాలి కాసుల కథ చెప్తారు. ఆ కథకు సరిగ్గా ముందు, విధవరాళ్ళ ఇళ్ళు మింగే శాస్త్రుల్ని యేసు దుయ్యబట్టిన మాటలున్నాయి. ఆ మాటలు విడిచిపెట్టి కాసుల కథ చెప్తే అది వసూలు పాఠం అవుతుంది. పిడికెడు బియ్యం ఇచ్చినామెకు సంఘం లెక్క అడిగే హక్కుంది.

కాబట్టి సంతుష్టిని పారెయ్యాలని కాదు. దొర ఇచ్చే దానికోసం తలవంచననే ధైర్యం దళితుడికి ఇయ్యాల కూడా కావాలి. దురాశ మన వాడల్లోనూ ఉంది, కాదనం. కాని ఆ మాట చెప్పే క్రమం మారాలి. ముందు భూమి ఉన్నవాడికి, కూలి ఎగ్గొట్టేవాడికి, కానుకల పెట్టె తాళం చేతిలో ఉన్నవాడికి చెప్పాలి. వాళ్ళు తృప్తి పడటం నేర్చుకున్న రోజు, వాడలో రేపటి చింత సగం తగ్గుతుంది.