విజ్ఞాన పాఠము, వ్యాయామ పాఠము: మిషన్ హైస్కూళ్ల పాఠ్యక్రమముపై ఒక విమర్శ

మన ఉన్నత పాఠశాలల కాలపట్టికలో రెండు గళ్లు పక్కపక్కనే ఉండికూడ ఒకదానినొకటి ఎరుగవు. ఒకటి సామాన్యశాస్త్రము, రెండవది వ్యాయామము. మొదటి గడిలో ఉపాధ్యాయుడు బల్లమీద హృదయము బొమ్మ గీస్తాడు. రెండవ గడిలో డ్రిల్లు మేష్టరు ఈల ఊదుతాడు, పిల్లలు పరుగెత్తుతారు, ఆ హృదయమే రొమ్ములో దడదడ కొట్టుకుంటుంది. గీసిన బొమ్మకు, కొట్టుకునే గుండెకు ఉన్న సంబంధమును మాత్రము పిల్లవానికి ఎవరూ చూపరు. ఈ లోపము అన్ని పాఠశాలలలోను ఉన్నదే. అయినను కాథలిక్ మిషన్ హైస్కూళ్లను దృష్టిలో పెట్టుకొని దీనిని పరిశీలించుటకు కారణమున్నది. విజ్ఞానమునకును, క్రమశిక్షణకును పేరుపొందిన సంప్రదాయము వారిది. మైదానము కలవారు, పద్ధతి కలవారు చేయలేని పనిని ఇతరులు చేయలేదని తప్పుపట్టుట న్యాయము కాదు.

సంప్రదాయము గొప్పదే

జెసూట్ సంఘమువారు 1599లో తమ విద్యాశాలలకు ఒక పాఠ్యప్రణాళికను స్థిరపరచినారు. అందులో గణితమునకు చోటు దొరకుటకు పాటుపడినవాడు క్రిస్టఫర్ క్లేవియస్. 1582నాటి పంచాంగ సంస్కరణలో పాల్గొన్న పండితుడు. ఆ సంఘమునకే చెందిన రిచ్చోలి అనే ఆచార్యుడు బొలోనా నగరములోని ఎత్తైన గోపురముమీదినుండి గోళాలను జారవిడిచి, అవి నేలను తాకుటకు పట్టిన కాలమును లోలకముతో కొలిచినాడు. ఆ లోలకమును సరిచూచుటకు తోటి సన్యాసులచేత ఒక పగలు, ఒక రాత్రి ఊపులు లెక్కపెట్టించినాడు. ఈ వివరాలు 1651లో వెలువడిన ఆయన గ్రంథములో ఉన్నవి. విజ్ఞానమంటే ఓపికతో కొలుచుట అని చెప్పుటకు ఇంతకంటే మంచి దృష్టాంతము దొరకదు.

మన దేశములో కలకత్తాలోని సెయింట్ జేవియర్ కళాశాలలో బోధించిన ఫాదర్ లఫోఁ ప్రయోగాలతో కూడిన బహిరంగోపన్యాసాలకు ప్రసిద్ధుడు. జగదీశచంద్ర బోసు ఆయన శిష్యుడు. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో భారత విజ్ఞాన సంవర్ధక సంఘమును నెలకొల్పినప్పుడు ఆయనకు అండగా నిలిచినవారిలో లఫోఁ ముఖ్యుడు.

మన తెలుగునేల కథ ఇంకను దగ్గరిది. విశాఖపట్టణములో 1847లో ఏర్పడిన సెయింట్ అలోసియస్ హైస్కూలులో చంద్రశేఖర వేంకటరామన్ చదివినాడు. తండ్రి ఆ పట్టణపు కళాశాలలో ఉపన్యాసకుడు. బాలుడు పదకొండవ యేటనే మెట్రిక్యులేషన్ గట్టెక్కినాడు. తరువాత కలకత్తాలో లఫోఁ అండతో వెలసిన ఆ సంఘపు ప్రయోగశాలలోనే పనిచేసి 1928లో తన పేరిట ప్రసిద్ధమైన కాంతిఫలితమును కనుగొన్నాడు. 1930లో నోబెల్ బహుమానము పొందినాడు.

ఇద్దరు మనుష్యులు, రెండు దారులు

అయితే ఈ కథలో తరచు దాటిపోయే భాగమొకటి ఉన్నది. మద్రాసులో పట్టము పుచ్చుకొన్న రామన్‌ను పైచదువులకు ఇంగ్లండు పంపవలెనని అధ్యాపకులు తలచినారు. వైద్యాధికారి పరీక్షించి, ఈ బలహీన శరీరము ఆ శీతలదేశపు వాతావరణమునకు తట్టుకొనలేదని చెప్పినాడు. ప్రయాణము ఆగిపోయినది. రామన్ 1907లో ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగములో చేరి, తీరిక వేళలలో పరిశోధన సాగించినాడు. దేశమునకు అది మేలే అయినది. కాని అటువంటి అదృష్టమును నమ్ముకొని ఏ పాఠశాలా తన పాఠ్యక్రమమును రచించుకొనరాదు.

అదే కాలములో, అదే ఉత్తరాంధ్రసీమలో, 1882లో వీరఘట్టములో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరములో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసినాడు. రొమ్ము పొంగించి ఇనుపగొలుసులను తెంచుట ఆయన ప్రదర్శనలలో పేరుపొందినది. ఊపిరి తీసినప్పుడు ఏ కండరాలు ముడుచుకొనును, రొమ్ము కైవారము ఎంత పెరుగును, గొలుసుమీద బలము ఎట్లు పడును అనేవి చక్కని శాస్త్ర ప్రశ్నలు. ఒకచోట బుద్ధిబలము, ఒకచోట దేహబలము వర్ధిల్లినవి. రెండింటికి నడుమ వంతెన ఏ బడీ కట్టలేదు. నూరేళ్లు గడచినను పరిస్థితి పెద్దగా మారలేదనుటయే ఈ విమర్శకు మూలము.

నేటి పాఠ్యక్రమము

మన రాష్ట్రములో పదవ తరగతి పరీక్ష 600 మార్కులకు జరుగుతున్నది. అందులో సామాన్యశాస్త్రమునకు 100: భౌతిక రసాయన శాస్త్రాలకు 50, జీవశాస్త్రమునకు 50. వ్యాయామమునకు పబ్లిక్ పరీక్ష లేదు. పరీక్ష లేని పాఠమునకు పదవ తరగతిలో పట్టే గతి అందరికీ తెలిసినదే. సంక్రాంతి దాటేసరికి ఆటల పీరియడు పునశ్చరణ పీరియడుగా మారుతుంది. ఎదిగే వయసులో, శరీరము కదలికను కోరే సమయములో, పిల్లవానిని బెంచీకి కట్టివేస్తాము. ఆడపిల్లల విషయములో ఈ కత్తిరింపు ఇంకను ముందే మొదలగును.

మిషన్ బడులు చాలవరకు ప్రభుత్వ పాఠ్యప్రణాళికనే అనుసరిస్తవి. కాని రాజ్యాంగపు 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను తామే నిర్వహించుకొను హక్కు ఇచ్చినది. కాలపట్టికను కొంత సవరించుకొను వెసులుబాటు వారికి ఉన్నది. ఉదయపు ప్రార్థనాసభ, కవాతు, బ్యాండు, వార్షిక క్రీడోత్సవము చాలచోట్ల నియమముగా జరుగుతవి. ఇవన్నీ మెచ్చదగినవే. లోపమేమంటే, కవాతులో దేహమున్నది గాని ప్రశ్న లేదు. తరగతిలో ప్రశ్న ఉన్నది గాని దేహము లేదు. డ్రిల్లులో బలిష్ఠునికి, దుర్బలునికి ఒకే కొలత. తరగతిలో ‘చెమట ఆవిరియగుటవలన శరీరము చల్లబడును’ అనే వాక్యము రెండు మార్కుల జవాబు. ఆ వాక్యము నిజమని రుజువు చేసే మైదానము కిటికీ అవతలనే ఉన్నది.

చెమట లెక్క

ఈ ఒక్క వాక్యమునే తీసికొని చూతము. నలభై కిలోల బరువుగల బాలుడు నలభై నిమిషాలు గట్టిగా ఆడినాడు. కండరాలు వాడుకొనే శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే పనిగా మారును, మిగిలినది ఉష్ణము. ఆ ఉష్ణము సెకనుకు 300 జౌళ్లు అనుకుంటే, నలభై నిమిషాలకు 7,20,000 జౌళ్లు. ఒక కిలో దేహమును ఒక డిగ్రీ వేడి చేయుటకు సుమారు 3,500 జౌళ్లు కావలెను గనుక, ఆ బాలుని దేహమునకు 1,40,000 చాలును. అనగా వేడి బయటికి పోకుండ ఉంటే అతని దేహోష్ణము అయిదు డిగ్రీలు పెరిగి, 37 నుండి 42కు చేరును. అది ప్రాణాపాయము.

దీనినుండి కాపాడేది చెమట. ఒక కిలో చెమట ఆవిరియగుటకు సుమారు 24 లక్షల జౌళ్లు పట్టును. కావున 300 గ్రాముల చెమట చర్మముమీద ఆరిపోతే లెక్క సరిపోయినది. కారి నేలపాలైన చెమట చల్లబరచదు, ఆరినదే చల్లబరచును. గాలిలో తేమ హెచ్చితే చెమట ఆరదు. బయటి వేడి చర్మపు వేడిని మించితే, గాలి వేడిని తీసికొనుటకు మారుగా దేహమునకే ఇచ్చును. అప్పుడు చెమట తప్ప వేరు దిక్కులేదు.

ఈ లెక్క పల్నాటి పిల్లలకు పరీక్షకోసము కాదు, ప్రాణముకోసము. ఈ సీమలో చిరకాలముగా కాథలిక్ సంఘమున్న రెంటచింతల, ఎండాకాలపు ఉష్ణోగ్రతలకు రాష్ట్రమంతట పేరుమోసిన ఊరు. అక్కడ పాదరసము 45 డిగ్రీలు దాటుట వింత కాదు. ఒంటిపూట బడులు పెట్టినంత మాత్రాన సరిపోదు. ఏ వేళ ఆడవలెను, ఎప్పుడు ఆపవలెను, ఎంత నీరు త్రాగవలెను అనేవి డ్రిల్లు మేష్టరు, సైన్సు మేష్టరు కలిసి తేల్చవలసిన విషయాలు. తల తిరుగుట, వాంతివచ్చునట్లుండుట, మాట తడబడుట కనిపించిన పిల్లవానిని ‘ఓర్చుకో’ అనరాదు, వెంటనే నీడకు చేర్చి, ఒంటిని తడిపి విసరవలెను, వైద్యుని పిలువవలెను. ఈ సంగతి ఎరుగని క్రమశిక్షణ హానికరము.

చేయదగిన పాఠాలు

ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఆటకు ముందు, తరువాత పిల్లలను కాటామీద తూచితే పోయిన చెమట తెలియును. ఎంత తగ్గినదో అంత నీరు త్రాగవలెనని కూడ తెలియును. మణికట్టువద్ద నాడిని పట్టుకొని, పరుగుకు ముందొకసారి, తరువాత నిమిషమునకొకసారి లెక్కించి గీతపటము గీయవచ్చును. నెలనెలకు నాడి త్వరగా కుదుటపడుచున్నదంటే సాధన ఫలించినదన్నమాట. ఇక్కడ పిల్లవాడు పోటీపడేది తోటివానితో కాదు, తన నిన్నటి లెక్కతో. దుర్బలునికి మైదానముపై ప్రేమ కలిగించుటకు ఇంతకు మించిన ఉపాయము లేదు.

అమరావతిలో కృష్ణ ఒడ్డున మెట్లున్నవి. నిలువున మూడు మీటర్లుండే మెట్లను నలభై కిలోల బాలిక నాలుగు సెకండ్లలో ఎక్కితే ఆమె చేసిన పని 1,176 జౌళ్లు, సామర్థ్యము 294 వాట్లు. అంటే నాలుగు ఇంటి పంకాలను త్రిప్పేంత. ‘సామర్థ్యము’ అనే మాట అప్పుడు కాళ్లకు తెలియును. ఒకడు స్కేలును నిలువుగా పట్టి హఠాత్తుగా వదలగా, మరొకడు వ్రేళ్లతో పట్టుకోవలెను. అది 20 సెంటీమీటర్లు జారితే పట్టుటకు ఒక సెకనులో అయిదవ వంతు పట్టినట్లు. రిచ్చోలి గోపురముమీద కొలిచిన పతనమే ఇది. క్రికెట్టులో క్యాచ్ జారిపోవుటకు కారణమును కూడ ఇదే చెప్పును.

చెడుగుడు కూతలో ఊపిరి బిగబట్టినవాడు ఆగలేకపోవుట ముఖ్యముగా ప్రాణవాయువు చాలకపోవుటవలన కాదు. బొగ్గుపులుసు వాయువు నెత్తురులో పేరుకొనుటవలన. శ్వాసక్రియ పాఠమును చెడుగుడు బరిలో మొదలుపెట్టరాదా? ఇక ఉష్ణోగ్రతను దినదినము వ్రాసిపెట్టే పుస్తకము ప్రతి బడిలోను ఉండవలెను. వంశపారంపర్య నియమాలను కనుగొన్న మెండెల్ సన్యాసియే, బ్రున్ పట్టణములో బడిపంతులే. ఏండ్ల తరబడి వాతావరణ వివరాలు నమోదు చేసినవాడే.

ఆక్షేపణలు

మార్కులు తగ్గునని కొందరు భయపడతారు. పైన చెప్పినవన్నీ పాఠ్యపుస్తకములోని ఉష్ణము, శ్వాసక్రియ, రక్తప్రసరణము అనే అధ్యాయాలే. చేసి నేర్చినది పరీక్షలో మరపునకు రాదు. ఉపాధ్యాయులకు తీరిక లేదని మరికొందరంటారు. నెలకు రెండు పీరియడ్లు ఇద్దరు మేష్టర్లు కలిసి నడిపితే ఆరంభమునకు చాలును. 1964–66 నాటి కొఠారీ సంఘము పదేండ్ల బడిచదువులో విజ్ఞానము అందరికీ ఉండవలెనన్నది. 2020 జాతీయ విద్యావిధానము పాఠ్యాంశాలకు, ఆటలకు నడుమ గోడ ఉండరాదన్నది. విధానాలు కాగితముమీద కలిపినవానిని కాలపట్టికమీద కలుపుట ప్రధానోపాధ్యాయుని పని.

కావున ముందుగా చేయవలసినది ఒక్కటే: పదవ తరగతి పిల్లలనుండి తీసికొన్న ఆటల పీరియడును వారికి తిరిగి ఇచ్చివేయుట. తరువాత ఆ పీరియడులోనికి ఒక గడియారమును, ఒక కాటాను, ఒక ఉష్ణమాపకమును, ఒక నోటుపుస్తకమును పంపుట. ఈ పనికి ముందు నడువగల స్థలము, స్వేచ్ఛ, సంప్రదాయము మిషన్ హైస్కూళ్లకు ఉన్నవి. వారు మొదలుపెడితే తక్కిన పాఠశాలలు అనుసరింపక మానవు.