పాఠంలోని సముద్రతార – మన తీరపు సముద్రతార

కంటకచర్ముల పాఠంలో ఒక వర్ణన తప్పక వినబడుతుంది: సముద్రతార చూషకాలున్న నాళికాపాదాలతో ఆల్చిప్పను తెరచి, జఠరాన్ని నోటిగుండా వెలుపలికి త్రోసి, మాంసాన్ని అక్కడనే జీర్ణం చేసుకొంటుందని. వర్ణన అసత్యం కాదు. కాని అది ఉత్తర అట్లాంటిక్ తీరపు ఆస్టీరియాస్ సంగతి.

మచిలీపట్నం దగ్గరి మంగినపూడిలోగాని, దివిసీమలోని హంసలదీవి వద్దగాని ఉన్నది రాతితీరం కాదు, ఇసుక, ఒండ్రు. మన తూర్పుతీరపు ఇట్టి నేలలలో కనబడే సముద్రతార ఆస్ట్రోపెక్టెన్. దాని నాళికాపాదాల కొనలు మొనదేలి ఉంటాయి, చూషకాలు లేవు. అవి ఇసుకను త్రవ్వుకొని అందులో దాగుటకు తగినవి. చిన్న నత్తలను, ఆల్చిప్పలను పెంకుతోసహా మ్రింగుతుంది. పాయువు లేనందున ఖాళీ పెంకులను నోటితోనే వెళ్ళగ్రక్కుతుంది. గుడివాడ నుండి విహారయాత్రకు వచ్చిన విద్యార్థి చూషకాలకై వెదకి, కానక, తన చూపే తప్పనుకొంటే దోషం పాఠానిదే.

సముద్రలిల్లికి జరిగే అన్యాయం వేరు. పేరునుబట్టి పిల్లలు దానిని మొక్క అనుకొంటారు; పాఠం పేరుచెప్పి ఊరుకొంటుంది. కాడతో నేలకు అంటుకొని లోతునీట బ్రతికే ఈ జంతువుకు నోరు పైకి ఉన్నది; ప్రవాహంలో తేలివచ్చే రేణువులను చేతుల గాడులలోని నాళికాపాదాలు పట్టి నోటికి చేరుస్తాయి. సముద్రతార నోరు క్రిందికి. పటంలో ఈ భేదమొక్కటి చూపినా రెంటి ఆహారవిధానమూ తేటపడుతుంది.

చచ్చి ఒడ్డుకు చేరిన ఆస్ట్రోపెక్టెన్ దొరికితే, ఉపాధ్యాయులు దాని జఠరాన్ని విప్పి పెంకులను లెక్కింపజేయవచ్చును.